రెండు పోగులు తప్పిన గిటారు

మా ఇంట్లో ఈ కథ చెప్పుకునే తీరు ఒకటుంది. ముందు అది చెప్పి, తర్వాత అదెందుకు అబద్ధమో చెప్తాను. సరోజ గుంటూరులో చదువుకునే రోజుల్లో, బెజవాడలో ఎవరో రైలు డ్రైవరు దానికి రెండు తీగలు తక్కువైన గిటారు అంటగట్టాడట. లోకం తెలియని పిల్ల కదా, మురిసిపోతూ ఇంటికి మోసుకొచ్చిందట. కోటేశ్వరరావు బావ చూసీ చూడగానే మోసం పసిగట్టి, మా నాన్నకి చెప్పి, ఆ లోపం సరుకు వదిలించి, ఆరు తీగలూ నిండుగా ఉన్న మేలైన గిటారు తెచ్చిపెట్టాడట. ఇదీ కథ. పెళ్ళి విడిదిళ్ళలో చెప్పారు, పురుడు చూడ్డానికి వచ్చినవాళ్ళకి చెప్పారు, నా పెళ్ళిచూపుల్లో నాకు కాబోయే ఆయనకి కూడా చెప్పారు. మొన్న చీరాలలో మా నాన్న సంవత్సరీకం నాడు, భోజనాలై విస్తళ్ళు ఎత్తేశాక, అదే బావ, ఇప్పుడు బట్టతలా బొజ్జా వచ్చిన బావ, ముందుగదిలో వాలుకుర్చీలో చేరబడి మా తమ్ముడి పిల్లలకి మళ్ళీ చెప్పాడు. "మీ అత్తయ్య అంత చదువు చదివిందా, నాలుక్కీ ఆరుకీ తేడా తెలీలేదురా!" అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు.

నన్నెవరూ మోసం చెయ్యలేదు. అది బేస్ గిటారు. దానికి ఉండేవే నాలుగు తీగలు. ఈ మాట నేను అప్పుడే చెప్పాను, ఆ తర్వాత నలభై ఏళ్ళ నించీ చెప్తూనే ఉన్నాను. నేను కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేదాన్ని. గిరాకీ, సరఫరా అంటే ఏమిటో వందలమంది మొద్దులకి ఎక్కించాను గానీ, గిటార్లలో రెండు రకాలుంటాయన్న ముక్క మా చుట్టాలకి ఎక్కించలేకపోయాను. ఆ రోజు కూడా నోరు తెరిచాను. తెరిచినదాన్ని ఆగిపోయాను. బావ తల వెనక గోడ మీద మా నాన్న ఫోటో ఉంది. కొత్తగా కట్టించిన ఫోటో. దాన్ని మేకుకి వేలాడదీసిన తీగ నాకు తెలిసిన తీగ.

ఆ తీగ దగ్గరికి రావాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది నేతపని చేసుకునే కుటుంబం. అప్పటికి ఇంకా ఒంగోలు వేరే జిల్లా కాలేదు, చీరాల గుంటూరు జిల్లాలోనే ఉండేది. ముందుగదిలో మూడు గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తారు కాబట్టి వాటికా పేరు. గుమ్మం పక్క మగ్గం నాన్నది, మిగతా రెండూ జీతానికి నేసేవాళ్ళవి. తెల్లారేసరికి వీధి పొడుగునా పడుగులు సాచి గంజి పెట్టేవాళ్ళు. పులిసిన గంజి వాసనా, పెరట్లో రంగు ఉడుకుతున్న ఘాటూ, వాడరేవు వైపు గాలి తిరిగితే ఎండుచేపల వాసనా కలిసి మా బట్టలకి పట్టేసేవి. గుంటూరు హాస్టల్లో నా పెట్టె తెరిస్తే చాలు, పక్క మంచం అమ్మాయి ముక్కు మూసుకునేది. నేనేమైనా తక్కువ తిన్నానా, వాళ్ళ నాన్న మిరపకాయల వ్యాపారి, వాళ్ళింటి నించి ఎవరొచ్చినా హాస్టలంతా తుమ్మేది, ఆ మాట మొహం మీదే అనేదాన్ని.

బయటివాళ్ళకి మగ్గం అంటే టకటక మనే చప్పుడు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి దాని కింద ఇంకో చప్పుడు వినిపిస్తుంది. నాడె అటూ ఇటూ పరిగెత్తాక పలక వచ్చి బట్టని కొడుతుంది చూడండి, అప్పుడు నేల లోపలినించి ఒక అదురు పుడుతుంది. అది చెవికి కాదు, అరికాళ్ళకి తెలుస్తుంది. వంటింట్లో పీట మీద కూర్చుంటే నడుముకి తెలుస్తుంది. మజ్జిగ గిన్నెలో సన్నగా అలలు లేస్తాయి. నేను ఆ అదురు మీద నిద్రపోయాను, దాని మీద ఎక్కాలు వల్లించాను. ఏదైనా ఇంట్లో అది లేకపోతే నాకు గోడలు నిలబడినట్టు అనిపించేది కాదు.

ఇక మా నాన్న. ఆయన తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ చూసేవాడు. మగ్గం మీంచి కోసిన చీరని గుమ్మంలోకి తీసుకెళ్ళి, వెలుగుకి అడ్డం పట్టి, ఒక కన్ను మూసి, బొటనవేలితో అంచు నించి అంచుకి నిమురుతూ పోయేవాడు. వేలు ఎక్కడో ఆగేది. "ఇక్కడ పోగు తప్పింది" అనేవాడు. అంతే, ఆ చీర బేరానికి పోదు. కొనేవాళ్ళకి ఆ తప్పు ఏడు జన్మలెత్తినా కనబడదు, అయినా పోదు. "లోపం సరుకు మన గుమ్మం దాటకూడదు" అన్నది ఆయన నియమం. ఊళ్ళో ఆయనకి ఆ పేరుంది. గొప్ప నియమమే, కాదనను. కానీ గుమ్మం దాటనివన్నీ ఏమవుతాయి? మా అమ్మా, మా నాయనమ్మా, నేనూ కట్టుకునేవాళ్ళం. పోగు తప్పిన చీరలే మా ఇంటి ఆడవాళ్ళ చీరలు. పండక్కి కొత్తచీర అంటే, ఏ మగ్గం మీద ఎవరు పోగు తప్పుతారా అని చూడ్డమే. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో నాకు పనుంది.

సంగీతం వస్తే మంచి సంబంధం వస్తుందని నాకు ఫిడేలు నేర్పించారు. నా మెడ కింద ఎవరో పిల్లిని ఇరికించి దాని తోక తొక్కుతున్నట్టుండేది. గుంటూరులో బీయే చదువుతుండగా హాస్టల్లో ఎస్తేరు స్నేహమైంది. చర్చిలో పాడే పిల్ల. అకార్డియన్ అద్భుతంగా వాయించేది. ఒక సెలవురోజు నన్ను బెజవాడ రైల్వే వాళ్ళ క్లబ్బులో వాళ్ళ బాబాయి వాయించే బ్యాండు చూపించడానికి తీసుకెళ్ళింది. స్టేజీ మీద మెరిసిపోతూ ముగ్గురు నలుగురున్నారు. జనం చూపులన్నీ వాళ్ళ మీదే. నాకు మాత్రం కూర్చున్న బెంచీలోంచి ఏదో వచ్చి వెన్ను పట్టుకుంది. ఎక్కడినించా అని వెతికితే, వెనక మూలన ఒకాయన పొడుగాటి మెడ ఉన్న గిటారు పట్టుకుని, ఏ సంబంధమూ లేనట్టు నిలబడి, ఒక్కొక్క తీగే లాగుతున్నాడు. పలక దెబ్బ! మా ముందుగదిలో నేలలోంచి వచ్చే అదురు! ఎస్తేరు భుజం పట్టుకుని కుదిపేశాను. "ఏంటది? ఏంటది?"

"బేస్ గిటార్. దాన్నెవరు చూస్తారే, అకార్డియన్ చూడు" అంది.

"అది నాక్కావాలి."

"నీకు పిచ్చి. దాంతో ఒక్క పాట కూడా వాయించలేవు. పక్కన ఇంకెవరన్నా వాయిస్తుంటే కింద దుమ్ దుమ్ అనుకోవాలి."

"అదే కావాలంటున్నాను" అన్నాను.

నేను ఆ సరుకుని ఎలా ఎంచుకున్నానో బావ ఎప్పుడూ చెప్పడు. ఆయనకి తెలిస్తే కదా. ఎస్తేరు బాబాయి తోటి డ్రైవరొకాయన ఉద్యోగం మానేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి రైల్వే క్వార్టర్స్‌కి వెళ్ళాం. ఆయన ముందు తీసి చూపించింది ఆరుతీగల గిటారే. ఎర్రగా, తళతళలాడుతూ, తెల్లటి అంచుతో పెళ్ళికూతురిలా ఉంది. "ఇది పట్టుకెళ్ళమ్మా, ఆడపిల్లలు ఇదే ఇష్టపడతారు" అన్నాడు. మోసం చేసేవాడి మాటలేనా ఇవి? నేనే మూలకున్న పొడుగుమెడదాన్ని చూపించాను. గోధుమరంగు, ఒక పక్క రంగు లేచిపోయింది, పొట్ట దగ్గర గీతలు. ఆయన నవ్వాడు. "దీంతో ఒంటరిగా కూర్చుని వాయించుకుంటే ఏడుపొస్తుంది, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. మా నాన్న చీరని చూసినట్టే దాన్ని చూశాను. గుమ్మంలోకి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి, మెడ వంకర ఉందేమోనని చివరినించి చూశాను. బొటనవేలితో మెడ మీది ప్రతి మెట్టూ నిమిరాను. తీగలు బిగించే ప్రతి బిరడా తిప్పి, పట్టు జారుతుందేమో చూశాను. ఒక మెట్టు దగ్గర తీగ గరగరలాడింది. దాన్ని ఆయనే కూర్చుని సరిచేశాడు. అంత చూసి ఎంచుకున్న సరుకు ఆ తర్వాత నా జీవితంలో ఇంకోటి లేదు, నా మొగుడితో సహా.

డబ్బెక్కడిదంటారా, ఫిడేలు అమ్మేశాను. నాది, నాకిచ్చింది, అమ్ముకున్నాను. ఆంప్లిఫయర్ కొనే స్తోమత లేదు. అది లేకపోతే ఈ గిటారు పలకదు, తీగ లాగితే దోమ ఎగిరినంత చప్పుడొస్తుంది. దానికి ఎస్తేరు బాబాయే ఉపాయం చెప్పాడు. ఆ కాలం పెద్ద రేడియోల వెనక గ్రామఫోను తగిలించుకోవడానికి రెండు చిల్లులుండేవి. వాటికి సరిపోయే తీగ ఒకటి అతికించి ఇచ్చాడు. మా ఇంట్లో రేడియో ఉంది. కాలేజీ వార్షికోత్సవానికి ఎస్తేరు అకార్డియనూ, ఇంకో ఇద్దరు పిల్లల గిటారూ తబలా, కింద నా బేసూ. మొత్తం ఆడపిల్లల వాద్యబృందం కాలేజీలో అదే మొదలు. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. సెలవులకి ఇంటికెళ్ళి రేడియోతో సాధన చేసుకుని రావాలి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది, పరీక్షలు కూడా.

చీరాల ప్యాసింజర్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఒకాయన "ఏందమ్మాయ్, తెడ్డా?" అని అడిగాడు. ఇంటికొచ్చాక నాయనమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మగ్గం సామాను లాగుందే. ఏ మూల బిగిస్తారూ?" అంది. అమ్మ ఫిడేలు ఏదని అడిగింది. అమ్మేశానని చెప్పాను. కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది, తర్వాత అన్నం పెట్టింది. నాన్న దగ్గరికొచ్చి, నాలుగో తీగ, అన్నిటికంటే లావుది, దాని మీద వేలు పెట్టి నిమిరాడు. అది ఉక్కుతీగ చుట్టూ సన్నటి రేకు బిగించి చుట్టిన తీగ. బిరడా దగ్గర కొసన ఎర్ర పట్టుదారం ఒత్తుగా చుట్టి ఉంటుంది. నాన్న వేలు ఆ పట్టు దగ్గర ఆగింది. "ఒక్క చుట్టు ఎగుడుదిగుడు లేదు. ఎవడో గాని పనిమంతుడు" అన్నాడు. ఆయన నోట ఒకరి పనికి అలాంటి మాట రావడం నేను అంతకుముందు వినలేదు.

ఆ తీగలు పాతవి. వేళ్ళ మట్టి పట్టి మూగగా పలికేవి. కొత్తవి కావాలంటే మద్రాసు వెళ్ళాలి. పాతవాటిని నీళ్ళలో ఉడికిస్తే మళ్ళీ పలుకుతాయని డ్రైవరాయన చెప్పాడు. అంచేత మధ్యాహ్నం అమ్మ పడుకోగానే అన్నం గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. నాయనమ్మ వచ్చి తొంగిచూసింది. "ఏం వండుతున్నావే?"

"తీగలు."

"కొంచెం గంజి కలుపు, బిరుసొస్తుంది" అంది, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. నూలు ఉడికించే ఇల్లు కదా మరి. ఆ అలికిడికి అమ్మ లేచి కేకలు మొదలుపెట్టింది. నాన్న మగ్గం దిగొచ్చాడు. గిన్నెలోకి చూసి, "పట్టు ముంచావేందమ్మాయ్, రంగు దిగిపోద్ది" అన్నాడు. వంగి, తీగల కొసలు నాలుగూ రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, నీళ్ళు మరుగుతున్నంతసేపూ పొగలో అలాగే నిలబడ్డాడు. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

రేడియోకి తగిలించి మొదటిసారి వాయించినప్పుడు ఆ పెట్టె పడిన బాధ చెప్పలేను. అలమారలో పచ్చడి జాడీల మూతలు గలగలలాడాయి. నాలుగు రోజుల్లో రేడియో గొంతు పోయింది. సాయంత్రం వార్తలు చదివే ఆయనకి జలుబు చేసినట్టుండేది. అమ్మ విసుక్కునేది, "ఆ మహానుభావుడికి మిరియాల కషాయం పంపించు" అనేది. నాన్న మాత్రం వార్తలప్పుడు రేడియోకి చెవి ఆనించి వినేవాడే తప్ప వద్దనలేదు. ఒక పూట మిగతా నేతగాళ్ళు రాలేదు. నాన్న మగ్గం ఒక్కటే ఆడుతోంది. నేను లోపలిగదిలో కూర్చుని ఆ పలక దెబ్బకి సరిగ్గా తీగ కలపడం మొదలుపెట్టాను. దెబ్బ పడగానే తీగ, దెబ్బ పడగానే తీగ. మొదట ఆయన తడబడ్డాడు, తెలిసిపోయింది. తర్వాత కుదురుకున్నాడు. తర్వాత, ఇది నేను ఒట్టేసి చెప్పగలను, వేగం మార్చాడు. కావాలనే. నేను పట్టుకుంటానా లేదా అని. పట్టుకున్నాను. దీపాలు పెట్టేవేళ దాకా అలా సాగింది.

అప్పుడొచ్చాడు మా కోటేశ్వరరావు బావ. మేనత్త కొడుకు. నన్ను ఆయనకి ఇవ్వాలని ఇళ్ళల్లో మాట ఉండేది. మద్రాసులో చీరలు వేసొస్తుండేవాడు కాబట్టి మద్రాసులో ఉన్న సమస్తమూ ఆయనకి తెలుసు. ముందుగదిలో నేతగాళ్ళు, బేరానికొచ్చిన ఇద్దరు షావుకార్లు, అందరూ ఉండగా గిటారు చేతిలోకి తీసుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఏంది మావయ్యా, నాలుగే ఉన్నాయి? గిటారుకి ఆరుంటాయే!"

"ఇది బేస్ గిటారు బావా. దీనికి నాలుగే" అన్నాను.

"నీకెవరు చెప్పారు? అమ్మినవాడేనా?" అన్నాడు. గది గదంతా నవ్వింది. "మద్రాసులో ఎన్ని చూళ్ళేదు నేను! ఆరు. రెండు పోగులు తప్పిన సరుకు నీకు అంటగట్టాడు."

పోగులు అన్నాడు. తీగలు అని ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. ఆ మాటకి నాన్న నాడె ఆగింది.

నేను బిరడాలు చూపించాను. "నాలుగే బిరడాలున్నాయి, చూడు. ఇంకో రెండు తీగలు ఎక్కడ కడతారు?"

"అదేనే పిచ్చిదానా మోసం! బిరడాలు కూడా పీకేసి నున్నగా చేసేశాడు!"

"ఫిడేలుకి నాలుగే కదా! దానికి రెండు తక్కువని ఎవరూ అనలేదే?"

"ఫిడేలు ఫిడేలే. ఇది గిటారు" అన్నాడు షావుకార్లలో ఒకాయన, న్యాయం చెప్తున్నట్టు. నా గొంతు పెరిగింది. గొంతు పెరిగిన ఆడపిల్ల ఓడిపోయినట్టే లెక్క మా వైపు. నాన్న వైపు చూశాను. ఆయన గుంటలోంచి లేవలేదు. తల వంచుకుని తెగని పోగునేదో అతుకుతున్నాడు. ఊళ్ళో లోపం సరుకు అమ్మడని పేరున్న మనిషి కూతురు లోపం సరుకు కొనుక్కొచ్చిందని సాయంత్రానికల్లా నేతవీధి అంతా పాకింది. నీళ్ళకెళ్తే "ఏం సరోజా, మీ నాన్నకి చూపించకుండా కొన్నావా?" అని పలకరించారు. అమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే పొన్నూరులో మా పిన్ని కూతురి సీమంతం. అమ్మతో నేనూ వెళ్ళాను, వెళ్ళనంటే ఇంకో గొడవ. తిరిగొచ్చేసరికి రేడియో పక్కన నా గిటారు లేదు. దాని చోట ఇంకోటుంది. పసుపురంగు, పొట్ట చుట్టూ గులాబీ పువ్వులు, ఆరు తీగలు. బావ బెజవాడ తీసుకెళ్ళి, అక్కడి సంగీతం సామాన్ల కొట్టులో మార్చుకొచ్చాడు. వసారాలో నిలబడి బహుమతి ఇచ్చినవాడిలా నవ్వుతున్నాడు. "లెక్కపెట్టుకో. ఆరూ ఉన్నాయి" అన్నాడు.

నేను ఆయన్ని వదిలేసి నాన్న దగ్గరికెళ్ళాను. "ఎందుకిచ్చేశారు?"

"లోపం సరుకు మనకొద్దమ్మా" అన్నాడు నాన్న, మగ్గం వైపు చూస్తూ.

"లోపం సరుకు మనకొద్దా? మనింట్లో ఉండేదే లోపం సరుకు కదా నాన్నా! అమ్మ కట్టుకున్నదేంటి? నేను కట్టుకున్నదేంటి? తప్పింది గుమ్మం దాటకూడదన్నది మీరే కదా? అది లోపమే అయితే ఇంట్లోనే ఉండనివ్వాల్సింది, నాకు ఉండనివ్వాల్సింది!"

అమ్మ వచ్చి నా నోరు మూసింది, అక్షరాలా చేత్తో మూసింది. నాన్న పలక లాగి కొట్టాడు. ఆ దెబ్బ నా అరికాళ్ళకి తగిలింది. అదే ఆయన జవాబు, అనుకున్నాను. గిటారు పోయిందని నేను తినకుండా కూర్చుంటే అందరికీ అర్థమైంది కృతజ్ఞత లేదని. బావకి మరీ బాగా అర్థమైంది. వాళ్ళమ్మ ఇంకెక్కడో సంబంధం చూసుకుంది. ఆ వ్యవహారం మొత్తంలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

సెలవులైపోగానే ఎస్తేరుని తీసుకుని బెజవాడ కొట్టుకి పరిగెత్తాను. అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. "అదా! మూడు తీగలే ఉన్నాయి దానికి, లావుది లేదు. మీవాళ్ళు అలాగే తెచ్చారు. అంచేత చవగ్గా పోయింది" అన్నాడు కొట్టాయన. అబద్ధమాడుతున్నాడని కాసేపు, బావ దారిలో పోగొట్టాడని కాసేపు తిట్టుకున్నాను. బావ పేరు ఖాయం చేసుకుని, ఇన్నేళ్ళూ ఆ తీగని ఆయన ఖాతాలోనే వేశాను.

వార్షికోత్సవానికి వాళ్ళు ముగ్గురే వాయించారు. పువ్వుల గిటారు తీసుకుని నన్నూ ఎక్కమంది ఎస్తేరు. ఎక్కలేదు. వెనక వరుసలో కూర్చుని విన్నాను. నాకైతే గోడలు లేని ఇంటికి కప్పు వేసినట్టుంది. చప్పట్లు మోగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడ్డారు. ఏ ఒక్కరికీ ఏదో తక్కువైందని తెలియలేదు. నన్ను ఇప్పటికీ మండించేది అదే. గిటారు పోయినందుకు ఒక ఏడుపు, అది లేకపోయినా ఎవరికీ లోటు కాలేదన్నందుకు ఇంకో ఏడుపు. రెండోది పెద్దది. పువ్వుల గిటారు చాలాకాలం గోడకి వేలాడి, దాని పొట్టలో చుంచెలుకలు పిల్లల్ని పెట్టాక దొడ్లోకి పోయింది.

ఇప్పుడు మా ఊళ్ళోనే ఇంజినీరింగు చదివే కుర్రాళ్ళు బేస్ గిటార్లు భుజానేసుకుని తిరుగుతున్నారు. హైదరాబాదులో కొట్టుకెళ్తే నల్లవీ నీలివీ వరసగా వేలాడుతుంటాయి. అమ్మేవాడు కుర్చీ వేసి, తీగ తగిలించి, వాయించి చూసుకోండి మేడమ్ అంటాడు. ఎవరికీ ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నేనూ ఒకసారి కూర్చున్నాను. వేళ్ళు తిరగలేదు. తిరగకపోగా, నేల అదరలేదు. అది గచ్చునేల. ఇప్పుడు నేతవీధిలో గుంట మగ్గాలు చాలావరకు పూడ్చేశారు, మా ఇంట్లోనూ పూడ్చి పాలరాళ్ళు పరిచారు. ఆ రాళ్ళ మీదే వాలుకుర్చీ వేసుకుని బావ కథలు చెప్తాడు. ఇప్పుడు అయిదు తీగల బేసులు కూడా వస్తున్నాయి బావా అని ఒకసారి చెప్పి చూశాను. "అయితే ఒకటే తక్కువన్నమాట. పర్లేదు, బాగుపడుతున్నారు" అన్నాడు.

సంవత్సరీకం నాడు పిల్లల నవ్వులు ఆగాక నేను లేచి ఫోటో దగ్గరికెళ్ళాను. లావుపాటి తీగ, సన్నటి రేకు చుట్టు, ఒక కొసన ఇత్తడి పూస. ఇంకో కొసన ఎర్ర పట్టుదారం. ఒక్క చుట్టు చెదరలేదు. రంగు కూడా దిగలేదు.

"ఇదెక్కడిదమ్మా?" అని అడిగాను.

అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. రెండుసార్లు అడిగాక చెప్పింది. "మీ నాన్న మగ్గం పెట్టెలో ఉందే. పట్టుగుడ్డ ముక్కలో చుట్టి పెట్టుకున్నాడు. మగ్గం పూడ్చినప్పుడు ఆ పెట్టె మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలా. గట్టిగా ఉంది కదా అని ఫోటోకి కట్టించా. ఏం, బాలేదా?"

"బానే ఉంది. ఎందుకు దాచాడో చెప్పాడా?"

"ఆయన నాకు ఏం చెప్పాడు గనక!" అని అమ్మ వక్కపొడి వేసుకుంది.

బావని అడిగితే ఆయన నిజంగానే తెల్లమొహం వేశాడు. "మావయ్యే గోనెపట్టాలో చుట్టి, తాడేసి కట్టిచ్చాడు. నేను విప్పను కూడా విప్పలా. కొట్టు దాకా మోశానంతే" అన్నాడు. నమ్మాను. నలభై ఏళ్ళలో బావ మాట నేను నమ్మడం అదే మొదలు.

అంటే ఆ తీగ తీసింది నాన్న. బిరడా వదులు చేసి, పట్టు చెదరకుండా, తన వేళ్ళతో తీశాడు. మగ్గానికి పనికొస్తుందని తీశాడంటే, దాన్ని ఒక్కరోజూ వాడలేదు. వాడితే ఆ పట్టు అలా ఉండదు. ఇప్పుడు నాకు ఆయనతో తగువుంది, ఆయనేమో ఫోటోలో ఉన్నాడు. లోపం ఉన్న సరుకు గుమ్మం దాటించని మనిషి దాన్ని గుమ్మం దాటించాడు. అంటే అందులో లోపం లేదని తెలుసు కదా? తెలిసి కూడా ఆ షావుకార్ల ముందు, ఆ బావ ముందు ఒక్క ముక్క మాట్లాడలేదే? పోనీ నిజంగా రెండు పోగులు తప్పాయనే నమ్మాడనుకుందాం. అప్పటికే తప్పినదాంట్లోంచి చేజేతులా మూడోది లాగేసి అమ్మకానికి పంపించే రకమా ఆయన?

నాన్నా, ఆ పూట వేగం మార్చి నన్ను పరీక్షించింది మీరే కదా? నేను పట్టుకున్నానని మీకు తెలుసు కదా? మరి నా గిటారంతా ఇచ్చేసి, ఆ ఒక్క పోగూ మీరెందుకు దాచుకున్నారు?